హావ్‌లాక్‌లో మూడు రాత్రులు: గది కన్నా ముందు పంచాంగం చూడండి

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు చెబుతాను. పెళ్లయిన అయిదేళ్లకు మొదటిసారి, పాపను అమ్మమ్మ దగ్గర ఉంచి, మీ దంపతులిద్దరే జనవరి ఆఖరులో హైదరాబాదు నుంచి అండమాన్ వెళుతున్నారు. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు, అందులో మూడు రాత్రులు హావ్‌లాక్ ద్వీపంలో, చివరిది పోర్ట్ బ్లెయిర్‌లో. విమానం టికెట్లు కాక లక్ష రూపాయలలో పని పూర్తి కావాలి. మీ శ్రీమతిగారికి ఈత రాదు, ఆవిడ శాకాహారి, గది గడప దాటితే కాళ్లు సముద్రంలో పడాలన్నది ఆవిడ ఒకే ఒక్క కోరిక. హావ్‌లాక్‌లో మూడు రిసార్టులు చూసి పెట్టుకున్నారు. రాధానగర్ తీరం పక్కన రాత్రికి 24,000 రూపాయల కాటేజీ ఒకటి, తూర్పు వైపు విజయనగర్ తీరంలో 11,000 రూపాయల ‘బీచ్ ఫ్రంట్’ కాటేజీ ఒకటి, గోవిందనగర్ దగ్గర రోడ్డుకు అవతల ఈతకొలను ఉన్న 6,800 రూపాయల గది ఒకటి. రెండోదానికి అడ్వాన్సు కట్టబోతూ, సరైనదేనా అని అడిగారు.

ఆ అడ్వాన్సు రెండు రోజులు ఆపండి. రెండోది చెడ్డదని కాదు. మీరు వెళ్లే తేదీలలో అది మంచిదో కాదో తేల్చవలసినది ఫోటోలూ కాదు, నక్షత్రాల రేటింగూ కాదు, ఆ మూడు రోజుల తిథులు. విశాఖపట్నం నుంచి అండమాన్ ప్రయాణాలు ఏర్పాటు చేసే పనిలో నాకు పదిహేనేళ్లు గడిచాయి. ఏటా ఒకటి రెండుసార్లు నేనే వెళ్లి గదులు తిరిగి చూసి వస్తాను. ఇన్నేళ్లలో నాకు వచ్చిన ఫిర్యాదులలో సగానికి పైగా గది గురించి కావు, గది ముందు సముద్రం లేకపోవడం గురించి. ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. సంగతి కింద వివరిస్తాను.

ముందు కాలం లెక్క చూద్దాం, ఎందుకంటే చిన్న ప్రయాణంలో మీరు నిజంగా కొనేది గదిని కాదు, సముద్రం దగ్గర గడిపే గంటలను. హైదరాబాదు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నేరుగా వెళ్లే విమానం రెండున్నర గంటల లోపే దించేస్తుంది. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరును శ్రీ విజయపురంగా మార్చారు గానీ, టికెట్ల మీదా జనం నోటా పాత పేరు ఇంకా పోలేదు, కాబట్టి రెండూ ఒకటేనని గుర్తుంచుకోండి. హావ్‌లాక్‌కు 2018 నుంచి అధికారిక నామం స్వరాజ్ ద్వీప్, దాని పక్కనున్న నీల్ ద్వీపానికి షహీద్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్ నుంచి హావ్‌లాక్‌కు ప్రైవేటు ఓడలో గంటన్నర నుంచి రెండు గంటల పైచిలుకు ప్రయాణం, ప్రభుత్వ ఓడ ఇంకా నిదానం. మధ్యాహ్నం రెండు ప్రాంతంలో బయలుదేరే ఓడ తప్పితే ఆ రోజుకు మరొకటి దొరకడం కష్టం. విమానం దిగిన సమయానికీ ఓడ బయలుదేరే సమయానికీ మధ్య కనీసం మూడు గంటలు పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను, ఎందుకంటే సామాను రావాలి, రేవుకు చేరాలి, అక్కడ గుర్తింపు కార్డుల తనిఖీ కావాలి, ఓడ కదలడానికి చాలా ముందే తలుపులు మూసేస్తారు.

ఇక్కడే చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. అండమాన్ మన దేశానికి తూర్పున ఎంతో దూరంలో ఉన్నా గడియారం మాత్రం మనదే. జనవరి ఆఖరులో అక్కడ సాయంత్రం అయిదుంబావుకే సూర్యుడు అస్తమిస్తాడు, హైదరాబాదుతో పోలిస్తే ఇంచుమించు యాభై నిమిషాల ముందు. మధ్యాహ్నం రెండింటి ఓడ ఎక్కినవారు నాలుగున్నరకు గదికి చేరి, మొహం కడుక్కుని, టీ తాగేసరికి చీకటి పడుతుంది. అలా మొదటి రోజు సముద్రం పోయినట్టే. అందుకే పొద్దున్నే దిగే విమానం టికెట్టు రెండు వేలు ఎక్కువైనా అదే కొనండి. ఆ రెండు వేలతో వచ్చే పూట, గదికి మరో అయిదు వేలు ఎక్కువ పెట్టినా రాదు. దీనికి తగినట్టు తెల్లవారడం కూడా ముందే. ఆరుకల్లా పూర్తి వెలుగు వచ్చేస్తుంది. మీ ఇద్దరిలో ఎవరికైనా ఆలస్యంగా లేచే అలవాటుంటే ఆ మూడు రోజులూ మానుకోవడం మంచిది.

ఇక ద్వీపం సంగతి. యాభయ్యవ దశకంలో తూర్పు బెంగాల్ శరణార్థులు వచ్చి స్థిరపడిన ఊళ్లు కాబట్టి గోవిందనగర్, విజయనగర్, శ్యామ్‌నగర్, కృష్ణానగర్, రాధానగర్ అని పేర్లు పెట్టుకున్నారు. తీరాలకు మాత్రం నంబర్లతోనే వ్యవహారం. రేవు ఉన్నది ఒకటో నంబరు, గోవిందనగర్ మూడు, విజయనగర్ అయిదు, రాధానగర్ ఏడు. ఒకటి నుంచి అయిదు వరకు, ఆపైన కాలాపత్థర్ దాకా, ఉన్నదంతా తూర్పు తీరం. ఏడో నంబరు ఒక్కటే పడమట, రేవు నుంచి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో, మధ్యలో అడవి దాటి వెళ్లాలి. తూర్పున గది తీసుకుంటే సూర్యోదయం మీ వాకిట్లో ఉంటుంది, సూర్యాస్తమయానికి మాత్రం రాధానగర్ వెళ్లాలి. రిసార్టులలో ఎక్కువ భాగం తూర్పునే ఉన్నాయి. రాధానగర్ వైపు ఉన్నవి తక్కువ, ధరలు ఎక్కువ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుంది, రెండుసార్లు తీస్తుంది. మన మత్స్యకారులు పొంగడాన్ని పోటు అనీ, తీయడాన్ని పాటు అనీ అంటారు. ఇవాళ ఉన్న సమయానికి రేపు సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా జరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజులలోనూ, ఆ తరువాత ఒకటి రెండు రోజులూ పోటు పాటుల తేడా బాగా ఎక్కువ. పోర్ట్ బ్లెయిర్ పరిసరాలలో అది రెండు మీటర్ల దాకా ఉంటుంది. అష్టమి ప్రాంతంలో అందులో సగం కూడా ఉండదు. రెండు మీటర్లంటే కాగితం మీద చిన్న అంకెలా కనిపిస్తుంది. కానీ హావ్‌లాక్ తూర్పు తీరం పళ్లెంలా చదునుగా, రాతి మీద పగడపు గుట్టలతో ఉంటుంది. అటువంటి నేల మీద నీరు రెండు మీటర్లు దిగితే సముద్రం వంద మీటర్లకు పైగా వెనక్కు జరుగుతుంది.

ఆ దృశ్యం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. కాకినాడ దంపతులు ఒకరు ఇలాగే తూర్పు తీరంలో ‘బీచ్ ఫ్రంట్’ గది తీసుకుని, ఒక పౌర్ణమి నాటి మధ్యాహ్నం మూడున్నరకు నాకు ఫోటో పంపారు. గది ముందు కొబ్బరిచెట్టుకు కట్టిన ఉయ్యాల ఉంది. దాని వెనుక పది గజాల తెల్లటి ఇసుక. ఆ తరువాత కనుచూపు మేర నల్లటి, పాచి పట్టిన రాళ్లు, వాటి సందుల్లో చిప్పిల్లిన నీటి గుంటలు, ఒక పక్కకు ఒరిగి నేల మీద కూర్చున్న రెండు పడవలు, వాటి మధ్య తాపీగా నడుస్తున్న ఒక కుక్క. నీరు ఎక్కడో ఆకాశం అంచున సన్నటి నీలిగీతలా ఉంది. ‘మేము కట్టింది సముద్రానికా, రాళ్లకా?’ అని కింద రాశారు. రిసార్టువారు పెట్టిన ఫోటో అబద్ధం కాదు, అది నిండు పోటులో తీసిన ఫోటో, అంతే. ఆ రాళ్ల మీద చెప్పులు లేకుండా నడిస్తే ఆల్చిప్పల అంచులు కోసేస్తాయి. చెప్పులతో నడిస్తే కాలి కింద ఉన్నవి బతికి ఉన్న పగడాలు కావచ్చు. కాబట్టి పాటు సమయంలో అక్కడ ఒడ్డున కూర్చోవడమే తప్ప నీటిలో దిగే మాట లేదు.

అలాగని తూర్పు తీరాన్ని తీసిపారేయకండి. పోటు నిండినప్పుడు, ముఖ్యంగా ఈత రానివారికి, అంతకంటే నెమ్మదైన నీరు హావ్‌లాక్‌లో మరొకచోట లేదని నా అభిప్రాయం. బయట ఉన్న పగడపు దిబ్బలు అలల ఊపును చాలావరకు ఆపేస్తాయి. తీరం వెంట స్థానికులు సముద్రపు మోహువా అని పిలిచే పెద్ద చెట్లు నీటి మీదికి వంగి నీడనిస్తాయి. నడుము లోతు నీటిలో గంటసేపు కూర్చున్నా భయం వేయదు. మీ శ్రీమతిగారు కోరుకున్నది సరిగ్గా ఇదే. చిక్కల్లా అది రోజులో ఏ గంటలలో దొరుకుతుందన్నదే. రాధానగర్ కథ వేరు. అక్కడ నేల అంతా ఇసుక, క్రమంగా వాలుగా దిగుతుంది, పోటైనా పాటైనా నీటిలో దిగవచ్చు. నైరుతి రుతుపవనాల కాలంలో పడమటి తీరం అలలతో విరుచుకుపడుతుంది గానీ జనవరిలో అది సాధారణంగా ప్రశాంతంగానే ఉంటుంది. ఆసియాలోకెల్లా మంచి తీరమని 2004లో ఒక ప్రఖ్యాత అమెరికన్ వారపత్రిక రాసిన తరువాత అక్కడికి జనం పెరిగారు. శుభ్రమైన, సురక్షితమైన తీరాలకు ఇచ్చే ‘బ్లూ ఫ్లాగ్’ గుర్తింపు కూడా 2020లో వచ్చింది.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని, ఇంట్లో గోడకు వేలాడుతున్న క్యాలెండరు తీసి మీ తేదీలకు ఏ తిథులు పడ్డాయో చూడటం. అష్టమికి రెండు మూడు రోజులు అటూ ఇటూ అయితే పాటు వేళ కూడా నీరు అంత దూరం పోదు, అప్పుడు విజయనగర్ కాటేజీకి మీరు పెట్టే అదనపు డబ్బుకు న్యాయం జరుగుతుంది. పౌర్ణమో అమావాస్యో తగిలితే, పోర్ట్ బ్లెయిర్ పోటు పాటుల పట్టిక ఇంటర్నెట్‌లో సులభంగా దొరుకుతుంది కాబట్టి, మీరు అక్కడ ఉండే మూడు పగళ్లలో నీరు ఎన్ని గంటలు నిండుగా ఉంటుందో, అందులో వెలుగు ఉన్న గంటలు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టండి. తేదీలు మార్చుకునే వీలుంటే వారం ముందుకో వెనక్కో జరపండి, తిథి దానంతట అదే మారిపోతుంది. జనవరి 26 చుట్టూ వరుస సెలవులు పడితే ధరలూ జనమూ పెరుగుతారు కాబట్టి, జరపడం ఆ విధంగా కూడా లాభమే.

డబ్బు లెక్క కూడా ఇప్పుడే తేల్చుకుందాం. మీరు రాసిన ధరలు పన్ను కలపనివి. గది అద్దె రోజుకు 7,500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. ఈ గీతకు అటూ ఇటూ ఉన్న తేడా చాలామందికి తెలియదు. 7,400 రూపాయల గది పన్నుతో 7,770 అవుతుంది, 7,600 రూపాయల గది పన్నుతో 8,968 అవుతుంది. అద్దెలో తేడా రెండు వందలే, జేబులోంచి పోయేది దాదాపు పన్నెండు వందలు. మీ మూడు రిసార్టుల లెక్క మూడు రాత్రులకు పన్నుతో కలిపి చూస్తే రాధానగర్‌ది 84,960, విజయనగర్‌ది 38,940, గోవిందనగర్‌ది 21,420 రూపాయలు. ఖరీదైన గదులున్న హోటళ్ల లోపలి రెస్టారెంటులో తిండి మీద కూడా 18 శాతం పడుతుందని, బయటి మామూలు భోజనశాలలో 5 శాతమేనని కూడా గుర్తుపెట్టుకోండి. ఇద్దరికీ రానూపోనూ ప్రైవేటు ఓడకు ఆరు నుంచి పది వేలు, టాక్సీలకు ఆరేడు వేలు, తిండికి పన్నెండు వేలు, చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో గదికి నాలుగైదు వేలు వేసుకుంటే రాధానగర్ కాటేజీ మీ లక్షలో ఇమడదు. ఇమిడ్చినా, అప్పు చేసి పప్పుకూడు తిన్నట్టు, అక్కడికి వెళ్లి ప్రతి కొబ్బరిబొండానికీ లెక్క చూసుకోవలసి వస్తుంది. దాన్ని పక్కన పెట్టేయండి.

మిగిలిన రెండింటిలో నా తీర్పు ఇది. తిథి అనుకూలిస్తే విజయనగర్. అనుకూలించకపోతే, తేదీ మార్చుకునే వీలూ లేకపోతే, మొహమాటం లేకుండా గోవిందనగర్ గది తీసుకుని, మిగిలిన 17,520 రూపాయలలో కొంత పెట్టి రోజూ మధ్యాహ్నం రాధానగర్‌కు టాక్సీలో వెళ్లి రండి. గడప దాటగానే సముద్రం ఉండాలన్న కోరిక తీరదు, నిజమే. కానీ గడప దాటి రాళ్లు చూడటం కన్నా, అరగంట ప్రయాణం చేసి నీటిలో కాళ్లు పెట్టడం ఆవిడకు ఎక్కువ సంతోషాన్నిస్తుందని నేను అనుకుంటున్నాను. ఒక రాత్రి ఒకచోట, రెండు రాత్రులు మరోచోట ఉందామన్న ఆలోచన కూడా కొందరికి వస్తుంది. మూడు రాత్రులకు అది వద్దు, పెట్టె సర్దడానికీ గది ఖాళీ చేసి మరో గది తెరిచేవరకు ఎదురుచూడటానికీ ఒక పూట పోతుంది.

విజయనగర్ వైపు మొగ్గితే, అడ్వాన్సు కట్టేముందు రిసార్టుకే ఫోన్ చేయండి. టికెట్లు అమ్మే వెబ్‌సైటువారికి కాదు, అక్కడ కౌంటరులో కూర్చునే మనిషికి. ‘సీ వ్యూ’ అంటే కిటికీలోంచి మెడ సాచితే చెట్ల సందున నీలం కనిపించవచ్చునని, ‘సీ ఫేసింగ్’ అంటే తలుపు సముద్రం వైపు ఉందని మాత్రమే అర్థం. ముందు వరుసలో మరో కాటేజీ ఉండవచ్చు. ‘బీచ్ ఫ్రంట్’ అన్న మాట కూడా కొన్నిచోట్ల రిసార్టుకు వర్తిస్తుంది, మీ గదికి కాదు. అందుచేత పేరు అడగకండి, వరుస అడగండి. మాది ఎన్నో వరుస, గది నంబరు ఎంత, గుమ్మంలోంచి ఇసుక దాకా ఎన్ని అడుగులు, మధ్యలో రోడ్డు గానీ భోజనశాల గానీ ఉన్నాయా అని అడిగి, ఆ గది వరండాలో నిలబడి ఇవాళ తీసిన ఫోటో ఒకటి వాట్సాప్‌లో పంపమనండి. పంపినవారి దగ్గర నిశ్చింతగా డబ్బు కట్టవచ్చు. ‘వచ్చాక చూసి మంచి గది ఇస్తాం సార్’ అన్నవారి దగ్గర మీకు దక్కేది ఆ రోజు మిగిలిన గది. మాల్దీవులలోలాగా నీటి మీద కట్టిన గదులు హావ్‌లాక్‌లో లేవు, ఎవరైనా అటువంటి బొమ్మ చూపిస్తే అది మరెక్కడిదో.

దానితోపాటు జనరేటరు సంగతి అడగండి. హావ్‌లాక్‌లో కరెంటు పోవడం వింత కాదు. రిసార్టు మొత్తానికి జనరేటరు ఉందా, ఏసీ కూడా దాని మీద నడుస్తుందా, అది మీ గదికి ఎంత దూరంలో ఉందన్నవి మూడు వేరువేరు ప్రశ్నలు. ఒకసారి నేను పడుకున్న గది గోడకు అవతలే జనరేటరు ఉంది. ఆ రాత్రి నాకు సముద్రపు హోరు వినిపించలేదు, పిండిమర పక్కన పడుకున్నట్టుంది. ఇక హనీమూన్ ప్యాకేజీ పేరిట మంచం మీద గులాబీ రేకులు, తువ్వాళ్లతో చేసిన హంసలు, కేకు, కొవ్వొత్తుల భోజనం కలిపి కొన్ని వేలు అడుగుతారు. మీ ఇష్టం గానీ, ఆ హంసలను విప్పితే మామూలు తువ్వాళ్లే.

శాకాహారం గురించి మీరు అంతగా కంగారు పడనక్కరలేదు. చేపలు, పీతలు, రొయ్యలు రాజ్యమేలే ద్వీపమే అయినా పప్పు, అన్నం, చపాతీ, రెండు కూరలు ఎక్కడైనా దొరుకుతాయి. పెనం, గరిటె వేరుగా ఉండాలన్న పట్టింపు ఉంటే మాత్రం ముందే చెప్పండి. పెరుగు, పచ్చడి విషయంలో ఆశలు పెట్టుకోకుండా ఒక చిన్న ఆవకాయ సీసా గట్టిగా మూత బిగించి చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. ఉదయపు ఫలహారం అద్దెలో కలిసి ఉండేలా చూసుకుని, రాత్రి భోజనం మాత్రం విడిగా ఉంచుకోవడం మేలు. ఊరు పెందరాళే సద్దుమణుగుతుంది కాబట్టి రాత్రి తొమ్మిది దాటాక వెతుక్కోవడం కష్టం. ఇసుకలో ఉండే సన్నటి ఈగలు తెల్లవారుజామున, సాయంకాలం కాళ్లను కుడతాయి, దద్దురు నాలుగు రోజులు వదలదు. అక్కడివారు కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటారు, అది పనిచేస్తుందని నా అనుభవం.

నీటి జాగ్రత్తలు రెండు చెప్పాలి. అండమాన్ సముద్రంలో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక అమెరికన్ యువతి మొసలి దాడిలో చనిపోయింది. ఆ తరువాత స్నానాలు చేసే చోట వలకట్టు వేశారు. జీవరక్షకులు ఉన్నచోట, వలకట్టు లోపల, వెలుగు ఉన్నంతసేపు మాత్రమే నీటిలో ఉండండి. మనుషులు లేని ఏకాంతమైన మూల బాగుందని అటు వెళ్లకండి. రెండోది స్కూబా, అంటే గాలి సిలిండరు కట్టుకుని నీటి అడుగుకు దిగడం. మొదటిసారి దిగేవారికి ఈత రాకపోయినా శిక్షకుడు చేయి పట్టుకుని తీసుకువెళతాడు, కాబట్టి మీ శ్రీమతిగారు కూడా ప్రయత్నించవచ్చు, మనిషికి నాలుగైదు వేలు అవుతుంది. ఉబ్బసం, చెవి బాధ ఉంటే దాచకుండా చెప్పాలి. ఒకసారి దిగినవారు విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు, ఒకటి కన్నా ఎక్కువసార్లు దిగినవారు 18 గంటలు ఆగాలి. మీ ప్రణాళికలో చివరి రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది కాబట్టి ఇది ఇబ్బంది కాదు. అయినా రెండో రోజు ఉదయానికే పెట్టుకోండి, ఆ రోజు సముద్రం బాగా లేకపోతే మూడో రోజు మిగిలి ఉంటుంది.

ఆ చివరి రాత్రి విషయంలో నా మాట కాదనకండి. నాలుగు రాత్రులూ హావ్‌లాక్‌లోనే ఉండి, అయిదో రోజు పొద్దున ఓడలో వచ్చి మధ్యాహ్నం విమానం ఎక్కవచ్చునని అందరూ అనుకుంటారు, చాలాసార్లు అలా జరుగుతుంది కూడా. కానీ ఓడ నడవడం గాలి చేతిలో ఉంది. 2016 డిసెంబరులో, తరువాత వర్దా తుపానుగా మారిన వాయుగుండం అండమాన్ దగ్గర ఉన్నప్పుడు, హావ్‌లాక్, నీల్ ద్వీపాలలో వేయికి పైగా పర్యాటకులు చిక్కుకుపోతే నావికాదళం ఓడలు వెళ్లి తీసుకురావలసి వచ్చింది. జనవరిలో అంత జరగకపోవచ్చు గానీ ఒక్క పూట ఓడలు ఆగినా విమానం పోతుంది. నీల్ ద్వీపం కూడా చూద్దామని మీరు అడిగారు. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని రామాయణం పేర్లున్న తీరాలతో అది ముచ్చటైన ద్వీపమే, కానీ ఈసారికి వదిలేయండి. నాలుగు రాత్రులలో మూడు ద్వీపాలంటే మీరు చూసేవి రేవులు, వరుసలు, సామాను పట్టీలు.

పోర్ట్ బ్లెయిర్ రాత్రికి ఖరీదైన గది అవసరం లేదు. సాయంత్రం సెల్యులార్ జైలు ధ్వని కాంతి ప్రదర్శన చూసి, మరునాడు వేకువన తీరిక ఉంటే జంగ్లీఘాట్ చేపల రేవు వైపు ఒకసారి వెళ్లండి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి తరాల క్రితం వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు అండమాన్‌లో చాలా ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం ఆ ద్వీపాలలో వందకు పదమూడు మంది మాతృభాష తెలుగే. పోటు పాటుల గురించి నేను రాసినదానికి పదిరెట్లు వాళ్లు నిలబడినచోటే చెబుతారు, అదీ మన యాసలో.

ఇక వరుస క్రమం. విమానం టికెట్లు, వాటి వెంటనే రానూపోనూ ఓడ టికెట్లు, ఆ తరువాతే గది. చాలామంది గది ముందు కట్టి, ఓడలో చోటు లేక మొదటి రాత్రి అద్దె వదులుకుంటారు. గదికి కట్టేటప్పుడు ఒక మాట రాతపూర్వకంగా తీసుకోండి: వాతావరణం వల్ల ఓడ రద్దయి మేము రాలేకపోతే ఆ రాత్రి అద్దె తిరిగి ఇస్తారా, మరో తేదీకి జరుపుతారా, లేక పోయినట్టేనా? తిరిగి వెళ్లలేక ఒక రాత్రి అదనంగా ఉండవలసి వస్తే ఏ ధర వేస్తారు? ఒకసారి నా దగ్గరికి వచ్చిన జంటకు, ఓడలు ఆగిన రాత్రి అదే గదికి రెట్టింపు అడిగారు. అప్పటినుంచి ఈ రెండు ప్రశ్నలకు జవాబు వాట్సాప్‌లో వచ్చేదాకా నేను ఎవరిచేతా డబ్బు కట్టించడం లేదు. మీ తేదీలూ, ఆ రోజుల తిథులూ రాసి పంపితే పోటు పాటుల పట్టిక చూసి, ఏ పూట ఏ తీరంలో ఉండాలో నేనే గుర్తు పెట్టి పంపిస్తాను.